ఏజెంటుగారి చొక్కా

ఇప్పుడు ఎవరి ఫోన్ చూసినా మోసగాళ్ళ కథలే. బ్యాంకుల్ని ముంచినవాడు, షేర్లలో ముంచినవాడు, చిట్టీలు కట్టించుకుని ఎగ్గొట్టినవాడు, అందరి మీదా సిరీస్‌లు వచ్చేస్తున్నాయి. మా పక్క ఫ్లాట్‌లో ఉండే అమ్మాయి అలాంటి ఒకదానికి కాస్ట్యూమ్స్ చేస్తోంది. మొన్న నా దగ్గరికొచ్చి, "ఆంటీ, మోసగాడి కోటుకి ఏ గుడ్డ బాగుంటుంది?" అని అడిగింది. వాడి కోటు సంగతి తర్వాత చూద్దాం, వాడి చేతిలో మోసపోయినవాళ్ళకి ఏం వేస్తున్నావు అన్నాను. "వాళ్ళకేముంది ఆంటీ, ఏవో మాసిన చీరలు" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ పిల్లని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఈ సంగతంతా చెప్పాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు కూడా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

నేను టీవీ సీరియళ్ళకి బట్టలు చూసే పని చేసి రిటైరయ్యాను. పేరుకి కాస్ట్యూమర్ని. నిజానికి ఉతుకు, ఇస్త్రీ, కుట్టు, వెతుకులాట, హీరోయిన్ అలకలు, అన్నీ నా నెత్తినే ఉండేవి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఛానల్‌కి ఫైనాన్స్ కంపెనీల మోసం మీద సీరియల్ మొదలుపెట్టాం. అంతకుముందు కొన్నేళ్ళు మన జిల్లాల్లో ఎక్కడ చూసినా ఇవే కంపెనీలు. ఎక్కువ వడ్డీ ఆశ చూపించి, పల్లెటూళ్ళ జనం దగ్గర డిపాజిట్లు పట్టి, ఒకరోజు పొద్దున్నే బోర్డు తిప్పేసేవి. మీకు తెలియకపోతే మీ అమ్మానాన్నల్ని అడగండి, చెబుతారు. మా కథ అలాంటి ఒక నిజమైన సంగతి మీద అల్లింది. కంపెనీ పేరు మార్చాం, ఊరి పేరు మార్చాం. షూటింగ్ మాత్రం నిజంగా దెబ్బతిన్న ఊళ్ళోనే చేయాలని మా డైరెక్టరు పట్టుబట్టాడు. ఆయన తెలుగువాడే కానీ మద్రాసులో పుట్టి పెరిగాడు. మంచివాడు, కోపం తక్కువ, మొండితనం ఎక్కువ.

ఊరు చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు వెళ్ళే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉంది. పత్తి తీతలు అయిపోవచ్చాయి, మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్నాయి. ఘాటు గురించి ఎవరూ ముందు ఆలోచించలేదు. నాది గుంటూరు, నాకు అలవాటే అని గొప్పలు పోయి, అందరికంటే ముందు తుమ్మింది నేనే. మొదటిరోజు హీరోయిన్ ఏడుపు సీను గ్లిజరిన్ అవసరం లేకుండా అయిపోయింది. కానీ ఆ తర్వాత నవ్వే సీనులో కూడా ఆ పిల్ల ఏడుపు ఆపలేకపోయింది. సౌండు చూసే అతను హెడ్‌ఫోన్లు తీసి పక్కన పడేసి, "తుమ్ములు తప్ప ఏమీ రికార్డు కావట్లేదండీ" అన్నాడు.

ఆ ఊళ్ళో గొంతులు పెద్దవి. ఎవరూ ఎవరితోనూ మెల్లగా మాట్లాడరు. "ఒరేయ్ మావా", "ఏరా బావా", "ఏమే పిన్నీ" అంటూ వీధికి ఈ చివర ఉన్నవాడు ఆ చివర ఉన్నవాణ్ణి కేకేసి పలకరిస్తాడు. చుట్టరికం ఉండక్కర్లేదు, ఇంటిపేరు కలవక్కర్లేదు, అందరికీ అందరితోనూ ఏదో ఒక వరస ఉంటుంది. అలాంటి ఊళ్ళో ఒకే ఒక్క మనిషిని మాత్రం అందరూ "గారూ" అని పిలవడం మా ప్రొడక్షన్ మేనేజరు కనిపెట్టాడు. నలభై దాటిన బక్కపల్చటి మనిషి. చర్చి పక్కన చిన్న టైలరు కొట్టు. ఆయన టీ బంకు దగ్గరికి వస్తే ముసలివాళ్ళు కూడా "రండి ఏజెంటుగారూ, కూర్చోండి" అని లేచి బల్ల ఖాళీ చేసేవారు.

"ఈ ఊరికి పెద్దమనిషి ఈయనే అన్నమాట" అన్నాడు మేనేజరు. నేనూ నిజమేననుకున్నాను. జనం సీనుకి ఊళ్ళోవాళ్ళని పోగుచేసే పని ఆయనకే అప్పగించాలని మేనేజరు వెళ్ళి, ఒక శాలువా కూడా కప్పాడు. ఆయన ఆ శాలువాని ఏం చేయాలో తెలియనట్టు నిలబడిపోయాడు.

"నేను పిలిస్తే ఎవరూ రారండి" అన్నాడు.

"పెద్దవాళ్ళు అలాగే అంటారు లెండి" అని నవ్వి వచ్చేశాడు మేనేజరు.

మర్నాడు కెమెరా పెట్టుకుని కూర్చున్నాం. పిట్ట కూడా రాలేదు. ఎండ ముదిరాక టీ బంకతను మా అవస్థ చూడలేక దగ్గరికొచ్చాడు.

"మీకు ఎవురూ చెప్పలేదా అండీ? ఆ కంపెనీకి మా ఊళ్ళో ఏజెంటు ఆయనేగా! ఎవురు ముంచారో ఆయన చేతే జనాన్ని పిలిపిచ్చారు, ఇంకెవురొస్తారండీ?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటి మా మేనేజరు ముఖం మీరు చూడాల్సింది. షూటింగ్ అయ్యేదాకా అతన్ని మేమంతా "శాలువాగారూ" అనే పిలిచాం.

చివరికి జనాన్ని తెచ్చింది ఒక ముసలామె. మిరపకాయ కోతలకి వెళ్ళే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. ఆ టైలరుదీ ఈమెదీ ఒకే పేట, ఒకే చర్చి. ఆమె ఒక్క కేకేస్తే పేటంతా కదిలి వస్తుంది. అందరినీ తెస్తానని ఒప్పుకుని, నన్ను ఒక్కటే అడిగింది.

"టీవీలో మొకం కనపడుద్దా అమ్మాయ్, ఈపు కనపడుద్దా?"

"ముఖమే" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. మర్నాడు మోసపోయిన జనం తరలి వచ్చారు. ఆడవాళ్ళు పట్టుచీరలు, గొలుసులు, తలనిండా కనకాంబరాలు. మగవాళ్ళు గంజిపెట్టిన తెల్లచొక్కాలు. పెళ్ళిపందిట్లోకి వచ్చినట్టు వచ్చి నిలబడ్డారు. డైరెక్టరు నా వంక చూశాడు. నేను పెట్టె తెరిచి, హైదరాబాదులో టీ నీళ్ళలో ముంచి కష్టపడి పాతచీరల్లా చేసిన నా చీరలు తీసి ముసలామె చేతిలో పెట్టాను. ఆమె ఒకసారి వాసన చూసి తిరిగి నా మీదికే విసిరింది.

"మోసపోయింది నిజమే అమ్మాయ్. అంతమాత్రాన మాసిన గుడ్డల్తో కనపడమంటావా? ఆ రోజు కంపెనీ ఆఫీసు కాడికి పోయినప్పుడు కూడా నేను మంచి చీరే కట్టుకోని పోయా. పదిమందిలోకి పోతా పాత చీర ఎవురన్నా కట్టుకుంటారా?"

ఎన్నేళ్ళుగానో కష్టాల్లో ఉన్న పాత్ర అనగానే చీర ముంచడానికి టీ కాచేదాన్ని. ఆ రోజుతో మానేశాను. పట్టు వద్దు, నగలొద్దు, ఆదివారం చర్చికి కట్టుకునే నేతచీర చాలు అని ఆమెతో రాజీ కుదుర్చుకున్నాను. మా పక్కింటి పిల్లకి ముందుగా చెప్పిన ముక్క ఇదే.

ఇక చొక్కా సంగతి. ఆ ఊళ్ళో మేం తీయాల్సిన పెద్ద సీను, జనం ఏజెంటు మీద తిరగబడటం. స్క్రిప్టు ప్రకారం ముసలామె ముందుకొచ్చి "మా డబ్బులు ఇప్పించండి ఏజెంటుగారూ" అని ఏడుస్తుంది. ఆ వెంటనే కాలర్ పట్టుకుని లాగుతుంది. చొక్కా భుజం దగ్గర చిరుగుతుంది. ఏజెంటు విడిపించుకుని పత్తిచేలకి అడ్డంపడి పారిపోతాడు, మళ్ళీ ఊరి ముఖం చూడడు. సీను ఒక్కసారికే కుదరదు కాబట్టి అలాంటి చొక్కాలు కొన్ని ఉండాలి. నా దగ్గర ఉన్నది ఒకటే. గుడ్డ ఉంది, నా మిషను హైదరాబాదులో ఉండిపోయింది. ఊళ్ళో కొట్టు చూస్తే అదొక్కటే.

నేను వెళ్ళేసరికి ఆయన మిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ జాకెట్లు కుట్టించుకోవడానికి ఆటోల్లో చిలకలూరిపేట పోతారని నాకు అప్పటికే తెలుసు. కొలతకి ఇచ్చే పాత జాకెట్టునో చొక్కానో ఆది అంటారు కదా, నేను తీసుకెళ్ళిన చొక్కాని ఆదిగా ఇచ్చాను.

"మాస్టారూ, అన్నీ ఇలాగే ఉండాలి. భుజం దగ్గర మాత్రం వదులుగా కుట్టండి, లాగితే ఊడొచ్చేటట్టు."

"ఎందుకమ్మా?"

ఎందుకో చెప్పడానికి నాకు ఇబ్బందైంది. అయినా చెప్పాను, సీనంతా చెప్పాను. ఆయన చొక్కా మడత విప్పి, మళ్ళీ పెట్టాడు.

"నా చొక్కా ఎవురూ చించలేదమ్మా" అన్నాడు. "చించినా బాగుండేది."

నేను బల్ల మీద కూర్చున్నాను.

"కంపెనీవాళ్ళు ఊళ్ళోకొచ్చి మొదట అడిగిందేందో తెల్సా అమ్మా? ఈ ఊళ్ళో అందర్నీ వరస పెట్టి పిలిచేవాడు ఎవుడూ అని. చదువుకున్నోడు ఎవుడని గాదు, ఆస్తి ఉన్నోడు ఎవుడని గాదు. అందరూ నన్నే చూపిచ్చారు. జాకెట్లు కుట్టేవాణ్ణి, ప్రతి గడపా తెలుసు గదా. అత్తా అంటే అత్త తెచ్చి ఇచ్చింది. పిన్నీ అంటే పిన్ని ఇచ్చింది. నాదీ అందులోనే పెట్టా. కంపెనీ బోర్డు తిప్పేసినాక చుట్టుపక్కల ఏజెంట్లందరూ ఊళ్ళు ఇడిచిపెట్టి పోయారు. నేను యాడికి పోతా? తిడితే పడదాం, కొడితే పడదాం, ఇక్కడే ఉందాం అనుకున్నా."

"కొట్టారా?"

"అదే గదమ్మా. ఒక్కళ్ళూ కొట్టలా. తెల్లారి పంపు కాడికి నీళ్ళకి పోయా. పుట్టినకాణ్ణుంచి నన్ను ఒరేయ్ అని పిలిచే మా అత్త, అదే, మీకు జనాన్ని తెచ్చిన ముసలామె, 'కొంచెం జరుగుతారా అండీ' అంది. ఆ రోజు నుంచి ఊరంతా అంతే. చర్చిలో పక్కనోడు కూడా జరగండి అంటాడు. జరగరా అనడు."

మేం శాలువా కప్పింది ఆ గౌరవానికి.

లేచి వస్తుంటే ఆయన వెనక నుంచి పిలిచాడు. "అమ్మా, మీ కథలో వాడు పారిపోతాడంట గదా. ఇది మా ఊరి కథేనని అందరూ కూర్చోని చూస్తారు. నేను పారిపోలా. నాకు మిగిలింది అదొక్కటే. అది కూడా తీసెయ్యబాకండమ్మా."

డైరెక్టరుకి చెప్పాను. ఆయన రేపటి షాట్లు రాసుకుంటూ విన్నాడు. "ఎక్కువమంది పారిపోయారు కదా. పైగా ఎపిసోడ్ చివర పరుగు లేకపోతే మర్నాడు ఎవరు చూస్తారు? సరే, ఆలోచిస్తాను" అన్నాడు. సీరియల్ అన్నాక రోజూ ఎవరో ఒకరు పరుగెత్తాల్సిందే, ఆయన తప్పేం లేదు. కానీ మా ఫీల్డులో ఆలోచిస్తానంటే ఆలోచించనని అర్థం. టైలరు చొక్కాలు తెచ్చి ఇచ్చినప్పుడు నేను తలెత్తి చూడలేదు.

సీను రోజు వచ్చింది. టైలరు కొట్టుకి ఎదురుగా, వీధి మధ్యలో పెట్టారు కెమెరా. ఏజెంటు వేషం కట్టినతను నాటకాల్లో పండినవాడు. అతని భుజం మీదుగా చూస్తే కొట్టులో మిషను వెనక అసలు మనిషి కనిపిస్తున్నాడు. తలుపు వేసుకోవచ్చు కదా, వేసుకోలేదు.

యాక్షన్ అనగానే ముసలామె దూసుకొచ్చింది. "ఒరేయ్! మా డబ్బులు ఏం చేశావురా?" అని కాలర్ పట్టింది.

"కట్. ఏజెంటుగారూ అనాలమ్మా."

రెండోసారి "మా డబ్బులు ఇప్పించండి ఏజెంటుగారూ" అని చక్కగా అంది. అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

"కట్. కాలర్ పట్టుకోవాలి కదమ్మా!"

ఈసారి కాలర్ పట్టుకుంది. పట్టుకోగానే నోట్లోంచి మళ్ళీ "ఒరేయ్" ఊడిపడింది. జనం నవ్వారు. వేషగాడు కూడా నవ్వాడు. ఎవరో తుమ్మారు. ఎన్నిసార్లు తీసినా అటో ఇటో అవుతోంది. కోపం తక్కువైన మా డైరెక్టరుకి ఆ రోజు కోపం వచ్చింది.

"ఏమిటమ్మా ఇది? మీ ఊళ్ళో ఏజెంటుని అందరూ గారూ అనే కదా పిలుస్తారు? నా చెవులతో విన్నానుగా!"

ఒక్కసారిగా నవ్వులు ఆగిపోయాయి. అన్నేళ్ళలో ఆ మాట పైకి అన్న మనిషి లేడు. అందరి కళ్ళూ టైలరు కొట్టు వైపు తిరిగి, మళ్ళీ నేలకి దిగాయి. ముసలామే ముందుకొచ్చింది.

"రెండూ కలిపి చెయ్యమంటే ఎట్టా నాయనా? చొక్కా పట్టుకోవాలంటే ఒరేయ్ అనాల. గారూ అన్నాక ఇంకేం పట్టుకుంటాం? పరాయోడి చొక్కా నేనెందుకు పట్టుకుంటా?"

డైరెక్టరు బ్రేక్ చెప్పి నేరుగా నా దగ్గరికొచ్చాడు. "ఆ రోజు నువ్వు చెప్పిందేమిటి? మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి కాగితాలు పక్కన పెట్టి విన్నాడు.

సీను మారిపోయింది. కాలర్ పట్టుకోవడం లేదు, అరుపులు లేవు. ఏజెంటు తన గడప మీద కూర్చుని ఉంటాడు, గడప టైలరు కొట్టుదే. నిన్నటిదాకా వరస పెట్టి పిలిచిన జనం ఒక్కొక్కరే వచ్చి, "కొంచెం జరుగుతారా అండీ", "దారిస్తారా అండీ" అని అడిగి వెళ్ళిపోతారు. చివర ముసలామె వస్తుంది. "బాగున్నారా అండీ ఏజెంటుగారూ" అంటుంది. అంతే.

"మరి పరుగు?" అన్నాడు మా శాలువాగారు.

"పారిపోతే ఇది వినక్కర్లేదు కదయ్యా. వీడు పారిపోడు, ఇక్కడే ఉంటాడు. రేపటి ఎపిసోడ్ కూడా అదే" అన్నాడు డైరెక్టరు. నాకు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

జనం ఎంత బాగా చేశారో చెప్పలేను. ఏళ్ళ తరబడి రిహార్సల్ అయిన సీను అది. ముగ్గురు నలుగురు వచ్చి వెళ్ళేసరికి వేషగాడి ముఖంలో రక్తం లేదు, అది నటన కాదు. ముసలామె వచ్చి తన మాట అంది. బాగా వచ్చింది. కానీ మా పని మీకు తెలుసు కదా, దూరం నుంచి ఒకసారి తీశాక దగ్గర నుంచి తీయాలి, అటు నుంచి తీయాలి, ఫోకస్ పోతే మళ్ళీ తీయాలి. ఇన్నాళ్ళూ ఆమె ఆ మాటని పంపు దగ్గర, చర్చి దగ్గర, ముఖం చూడకుండా అనేసి వెళ్ళిపోయేది. ఇప్పుడు డైరెక్టరు ముఖంలోకి చూసి అనమంటున్నాడు. చూస్తే వేషగాడి వెనక, మిషను దగ్గర, ఇంకో ముఖం కూడా కనిపిస్తోంది.

ఆఖరి టేకులో "బాగున్నారా అండీ..." అని ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఘాటు నాయనా, ఘాటు" అంది.

ఆ పూట గాలి కళ్ళాల వైపు నుంచి లేనే లేదు. డైరెక్టరు మెల్లగా "ఓకే" అన్నాడు.

ప్యాకప్ అయ్యాక చొక్కాలు సర్దుకుంటున్నాను. ఒక్కటీ చిరగలేదు. ఊరికే ఒకదాన్ని భుజం దగ్గర పట్టి లాగాను. రాలేదు. మోకాలు అడ్డం పెట్టి లాగినా రాలేదు. తిరగేసి చూద్దును కదా, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా రెండు వరసల కుట్టు. తీసుకుని కొట్టుకి వెళ్ళాను.

"మాస్టారూ, వదులుగా కుట్టమన్నాను కదా! ఆ కాలర్ సీనే ఉండి ఉంటే నా పరువు పోయేది."

"కుట్టబోయానమ్మా" అన్నాడు ఆయన తల దించుకుని. "చెయ్యి రాలా."

నేను నవ్వాను. ఆయనకీ నవ్వు వచ్చింది. పారిపోడంట, ఉంటాడంట, సీను మార్చారు అని చెప్పబోతుంటే, "విన్నానమ్మా, చూస్తానే ఉన్నా" అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి మెడలో టేపు అంచు పట్టుకున్నాడు, అది టేపని కూడా చూసుకోలేదు.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది. ముసలామె నిలబడి ఉంది. ఇంటికి వెళ్ళి వచ్చినట్టుంది, చంకలో కాగితం పొట్లం. ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. ఏమని పిలవాలో ఆయనకి తెలియలేదు. ఆమె పొట్లం విప్పి, కొత్త జాకెట్టు గుడ్డ తీసి మిషను మీద పడేసింది.

"ఒరేయ్" అంది. దగ్గి, వీధికంతా వినపడేటట్టు మళ్ళీ అంది. "ఒరేయ్! ఆదివారానికి కావాల. చంకల కాడ పట్టేట్టు కుట్టావంటే చూడు, ఈసారి నిజంగానే చించుతా నీ చొక్కా!"

ఎదురింటి అరుగు మీద మాటలు ఆగిపోయాయి. ఆయన గుడ్డని రెండు చేతులతో తీసుకున్నాడు.

"అట్టాగే అత్తా" అన్నాడు. తర్వాత పనిలో పడ్డవాడిలా, "ఆది తెచ్చావా?" అని అడిగాడు.

"ఆది దేనికిరా?" అంది ముసలామె. "నా కొలత నీకు తెలవదా?"